ముందు చూసిందే మాతృకా?

(సినిమా అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, తడబడ్డ చోట్ల మాత్రం సరిచేశాను.)

వెనక వాళ్లకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక చిన్న పని పెట్టుకుందాం. ‘దృశ్యం’ ఏ భాషలోనూ చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరు... ఇద్దరు. మీకు ఇవాళ కథంతా తెలిసిపోతుంది, ఏమీ అనుకోకండి. (నవ్వులు) మిగతావాళ్లలో వెంకటేశ్‌ది ముందు చూసినవాళ్లు చేతులెత్తండి. చాలామందే. మోహన్‌లాల్‌ది ముందు చూసినవాళ్లు? కమల్ హాసన్‌ది? అజయ్ దేవగన్‌ది? ఉన్నారే! ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నలుగురిలో ఎవరు బాగా చేశారు? చేతులెత్తొద్దు, మనసులో అనుకోండి. మీరిప్పుడు అనుకున్న పేరు, ఇందాక చెయ్యెత్తిన పేరు ఒకటేనా కాదా, మీరే చూసుకోండి.

(నవ్వులు)

నా సంగతీ అంతే. 2014లో థియేటర్లో తెలుగు ‘దృశ్యం’ చూశాను. బాగా నచ్చింది. చాన్నాళ్లకి మలయాళం చూస్తే మోహన్‌లాల్ తెర మీద ఏమీ చెయ్యట్లేదనిపించింది. నిజంగా చెప్తున్నాను. ‘ఈయనేంటి, ఊరికే నిలబడ్డాడు’ అనుకున్నాను. అందరూ అంత గొప్పగా చెబుతున్నారు కదా, నాకెందుకు ఎక్కలేదని ఇంకోసారి చూశాను, మళ్లీ చూశాను. అలా ఊరికే నిలబడటంలో ఎంత పనుందో మూడోసారికి గానీ తెలియలేదు. మొదటిసారి నేను చూసింది మోహన్‌లాల్‌ని కాదు. ఆయనలో వెంకటేశ్ ఎక్కడెక్కడ లేడో వెతుక్కున్నాను, అంతే.

రీమేక్‌ని తూచడంలో మొదటి చిక్కు ఇదే. తక్కెడలో రాయి ముందే వేసేసి ఉంటుంది. ఏది ముందు చూశామో అదే మన మాతృక. ఏది ముందు తీశారన్నది దాని తర్వాతి మాట.

పైగా, మనం మాతృక అని దండం పెట్టేవాటిలో ఎన్ని నిజంగా మాతృకలో చెప్పండి. ‘మిస్సమ్మ’ ఉంది. 1955. మన సొంత ఇంటి సినిమా అనుకుంటాం కదా. ఎల్.వి. ప్రసాద్ దాన్ని తెలుగులో ఎన్టీఆర్‌తోనూ, తమిళంలో జెమినీ గణేశన్‌తోనూ ఒకేసారి తీశారు. 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలోనూ ఆయనే తీశారు. ఇక కథ సంగతి. అది ‘మాన్‌మొయీ గర్ల్స్ స్కూల్’ అనే బెంగాలీ నాటకం నుంచి వచ్చింది. ఆ నాటకాన్ని 1935లోనే బెంగాలీలో సినిమా కూడా తీశారు. మరి ‘మిస్సమ్మ’ రీమేకేనా? ఈ మాట బయట అంటే తన్నేస్తారు. (నవ్వులు) హాలీవుడ్‌లోనూ ఇదే కథ. ‘మాల్టీస్ ఫాల్కన్’ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1941లో జాన్ హ్యూస్టన్ తీసినది. అదే నవలతో అప్పటికే రెండు సినిమాలు వచ్చేశాయి, ఇది మూడోది. మొదటి రెండూ ఇప్పుడెవరికీ పట్టవు. గెలిచిన రీమేక్‌ని ఎవరూ రీమేక్ అనరు. ఓడినవాటికే ఆ పేరు మిగులుతుంది.

రెండో చిక్కు, ‘ఉన్నదున్నట్టు తియ్యలేదు’ అనే ఫిర్యాదు. దీన్ని పరీక్షించడానికి మనం కష్టపడక్కర్లేదు. హాలీవుడ్‌లో ఒకాయన మన తరఫున ఆ పని చేసిపెట్టాడు. హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ని 1998లో గస్ వాన్ శాంట్ దాదాపు షాట్‌కి షాట్ మళ్లీ తీశాడు. మన భాషలో మక్కీకి మక్కీ. స్క్రిప్టు అదే. పాత సంగీతాన్నే మళ్లీ వాయించారు. నలుపు తెలుపు బదులు కలర్ వచ్చింది. ఆడలేదు, విమర్శకులకీ నచ్చలేదు. ఎందుకంటారు?

పాత ‘సైకో’లో హీరోయిన్ అనుకున్న మనిషి సినిమా సగం కాకుండానే స్నానాల గదిలో చనిపోతుంది. ఆ వేషం వేసింది జానెట్ లీ, అప్పటికే పెద్ద పేరున్న నటి. ఆవిడ పోతుందని ఎవరూ కలలో కూడా అనుకోరు. సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని హిచ్‌కాక్ థియేటర్లకి షరతు పెట్టాడు. ఆ దెబ్బ ఎవరికీ ముందు తెలియకూడదు, ఎవరూ మిస్సవ్వకూడదు. 1998 నాటికి ఆ సీన్ గురించి సినిమా చూడనివాళ్లకి కూడా తెలుసు. కెమెరా ఎక్కడ పెట్టాడో కాపీ కొట్టొచ్చు. హాల్లో కూర్చున్నవాళ్ల తెలియనితనాన్ని ఎలా కాపీ కొడతారు? ఆ సినిమా సగం పని చేసింది ఆ తెలియనితనమే.

అందుకని నేను వాడే కొలత వేరే. పాతకాలం పూరిళ్లకి నిట్టాడు అని ఉండేది. నడిమధ్య పాతే స్తంభం. తలుపు మార్చండి, గోడ ఇటు తీసి అటు కట్టండి, ఇల్లు నిలబడుతుంది. నిట్టాడు కదిపారా, కప్పు నెత్తిన పడుతుంది. ప్రతి కథకీ ఒక నిట్టాడు ఉంటుంది. చాలాసార్లు అది మనం అనుకున్న చోట ఉండదు. రీమేక్ తీసేవాడు దాన్ని కనిపెట్టాడా లేదా అన్నదే నేను చూస్తాను. కథనం అలాగే ఉందా, పాటలు పెట్టారా, ఊరు మార్చారా, ఇవన్నీ తర్వాత.

ఒక్క సినిమా తీసుకుని కాస్త నింపాదిగా చూద్దాం. మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన ‘మణిచిత్రతాళు’. మీలో ఎక్కువమందికి ‘చంద్రముఖి’గా తెలుసు. పాత బంగళా, తాళం వేసిన గది, ఒకప్పుడు అక్కడ దారుణంగా చచ్చిపోయిన నర్తకి, ఆ నర్తకిని తానే అనుకోవడం మొదలుపెట్టిన ఇల్లాలు. నిట్టాడు ఏది? దెయ్యం అనడానికి లేదు, కథలో దెయ్యమే లేదు కదా, జబ్బు ఉంది. బంగళానా? బంగళాలు ఏ సినిమాలోనైనా ఉంటాయి.

ఒక సీన్ చెప్తాను. గంగ, అంటే శోభన వేసిన పాత్ర, నగలు కొనడానికి బయటికి వెళ్దామని తయారవుతుంది. భర్త ఇప్పుడు వద్దంటాడు. మామూలు మొగుడూ పెళ్లాల మాటలే, ఏ ఇంట్లోనైనా జరిగేవే. ఎందుకు వద్దు అంటుంది. ఆయన మళ్లీ వద్దంటాడు. మాటామాటా పెరుగుతుంది. ఆవిడ గొంతు బరువెక్కుతుంది, కళ్లు మారతాయి. అంతలో ఆ నోట్లోంచి తమిళం వస్తుంది. అప్పటిదాకా మలయాళంలో పోట్లాడుతున్న మనిషి, పట్టపగలు, కట్టుకున్నవాడి ఎదురుగా తమిళంలోకి జారిపోతుంది. తర్వాత మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. ఆ సీన్ గురించి ఎవర్నడిగినా మంచం సంగతే చెప్తారు. నా వెన్ను జలదరించింది మాత్రం మంచానికి ముందే, మాట మారినప్పుడు.

ఆ సినిమాలో శోభనకి గొంతు ఇచ్చింది ఇద్దరు. గంగకి భాగ్యలక్ష్మి చెప్పారు, ఆ నర్తకి నాగవల్లిగా మారినప్పుడు దుర్గ చెప్పారు. ఒకే మొహానికి రెండు గొంతులు. శోభనకి ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. పూర్తిగా న్యాయమైన అవార్డే, కానీ అందులో ఆ ఇద్దరికీ రెండు పువ్వులు వెయ్యాలి.

కథలో ఆ నర్తకిని తంజావూరు నుంచి తీసుకొస్తారు. తమిళ పిల్ల. కాబట్టి ఆ ఇంట్లో ఆమెది పరాయి భాష. మన మంచం మీద పడుకునే మనిషి నోట్లో మనది కాని భాష పలకడం, అదీ ఈ కథ నిట్టాడు.

మరి దీన్ని తమిళంలో తియ్యాలంటే? తమిళ ఇల్లాలు కోపంలో తమిళం మాట్లాడితే ఎవడికి భయం? (నవ్వులు) తంజావూరుని అలాగే ఉంచి సంభాషణలు రాసుకుపోయి ఉంటే సినిమా అక్కడే కూలిపోయేది. పి. వాసు 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’ తీసినప్పుడు నర్తకి నోట తెలుగు పెట్టారు. 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ తీసినప్పుడూ అంతే, ఆమె తెలుగు నర్తకి. ‘రా రా’ పాట రెండింట్లోనూ తెలుగులోనే ఉంటుంది. ప్రియదర్శన్ 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’ తీస్తే ఆమె బెంగాలీ నర్తకి అయింది, పాటలోకి బెంగాలీ వచ్చింది. ఊరు మారింది, పేరు మారింది, భాష మారింది. పరాయితనం ఒక్కటే మారలేదు. మాటకి మాట పోల్చి చూసే మనిషి ఇక్కడ ‘తంజావూరు తీసేశారు’ అని తప్పు పట్టాలి మరి!

ఇదే వాసు ‘చంద్రముఖి’లో ఇంకోచోట చేసిన మార్పు నాకు అంతగా నచ్చదు. మలయాళంలో మోహన్‌లాల్ దాదాపు సగం సినిమా అయ్యాక వస్తాడు. అప్పటిదాకా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పేవాడు లేడు, కాబట్టి మనమూ ఆ ఇంట్లోవాళ్లలాగే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటాం. తమిళంలో రజనీకాంత్ మొదట్లోనే ఫైటుతో, పాటతో దిగిపోతాడు. ఇక భయమేముంది? రజనీ ఉన్నాడుగా. ధైర్యం ముందే వచ్చేసింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చివర్లో ఆయన వేట్టయ రాజాగా ‘లకలకలక’ అంటూ చేసిన వేషం మలయాళంలో లేదు. అది మాతృక నుంచి తెచ్చుకున్న సరుకు కాదు. మలయాళం సినిమాని నెత్తిన పెట్టుకునే నా మిత్రులు కూడా దాన్ని అనుకరిస్తుంటే నేను చూశాను. పేర్లు చెప్పను, ముందు వరసలోనే ఉన్నారు.

(నవ్వులు)

స్టార్ల గురించి ఇంకొంచెం. మన నిర్మాతలకి ఇష్టమైన మాట ఒకటుంది, ‘నేటివిటీకి తగ్గట్టు మార్పులు చేశాం’. ఏం మార్చారయ్యా అని చూస్తే నాలుగు ఫైట్లు, ఒక ఫ్లాష్‌బ్యాక్. అది నేటివిటీ ఎలా అవుతుంది, అది హీరోగారి కొలతలు. అలాంటి సినిమాల్లో నేను ముందు పేరు చూస్తాను. మలయాళంలో ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’, 2020. పేరులో ఇద్దరున్నారు. ఎవరిది న్యాయమో తేల్చుకోలేక మన సానుభూతి వీడి నుంచి వాడికి, వాడి నుంచి వీడికి ఊగుతుంటుంది. ఆ ఊగడమే నిట్టాడు. 2022లో తెలుగులో ‘భీమ్లా నాయక్’ అయింది. పేరులో ఒకడే మిగిలాడు. టికెట్ కొనకముందే ఎవరు గెలుస్తారో తెలిసిపోయింది. హాల్లో నేనూ విజిల్ వేశాను, అబద్ధం చెప్పను. కానీ ఆ ఊగిసలాట పోయింది.

‘పింక్’ 2016లో హిందీలో వచ్చింది. ముగ్గురు ఆడపిల్లల కథ. 2021లో తెలుగులోకి వచ్చేసరికి పేరు ‘వకీల్ సాబ్’. కేసు వాళ్లది, పేరు వాదించిన ఆయనది. లాయరుగారికి ఒక ప్రేమకథ వచ్చింది, ఫైట్లు వచ్చాయి. ఇక్కడ మాత్రం నేను పూర్తిగా తీర్పు చెప్పలేను. హిందీ సినిమా పేరు కూడా వినని మగపిల్లలు గుంపులుగా వెళ్లి కూర్చుని, ‘వద్దంటే వద్దనే’ అనే వాదనని చివరిదాకా విన్నారు. హీరో కోసం వెళ్లి విన్నారు. సినిమాగా చూస్తే బరువు తప్పిన చోట బరువు పెట్టారు. ఆ మాట ఎంత దూరం వెళ్లిందని చూస్తే మాతృక వెళ్లని చోటికి వెళ్లింది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడం నాకు చేతకాలేదు.

తమిళ ‘రమణ’లో విజయకాంత్‌ని చివర్లో ఉరి తీస్తారు. తెలుగులో ‘ఠాగూర్’ చిరంజీవి బతుకుతాడు, జైలుతో సరిపెట్టారు. దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు, కారణం మీ అందరికీ తెలుసు.

స్టార్ చెయ్యి పడితే ప్రతిసారీ నష్టమే అనుకోవద్దు. తాపీ చాణక్య 1964లో ఎన్టీఆర్‌తో ‘రాముడు భీముడు’ తీశారు. మరుసటేడాదే అదే కథని తమిళంలో ఎమ్జీఆర్‌తో ‘ఎంగ వీట్టు పిళ్లై’గా తీశారు. అందులో ఎమ్జీఆర్ చేత్తో కొరడా పట్టుకుని, నేను ఆజ్ఞాపిస్తే ఎలా ఉంటుందో చూడమని ఒక పాట పాడతారు. కథలో అది బావగారి ఆగడాలకి బదులు. హాల్లో జనానికి మాత్రం అది రాజకీయ ప్రసంగం. అప్పటికే ఆయన డీఎంకేలో ఉన్నారు, 1967లో ఎమ్మెల్యే అయ్యారు. తెలుగు సినిమాలో లేని ఇంకో సినిమా ఆ పాటలో ఉంది. దర్శకుడూ ఒకడే, కథా ఒకటే.

దర్శకుడు ఒకడే అన్నాను కాబట్టి మళ్లీ ‘దృశ్యం’ దగ్గరికి వస్తాను. ఆ కథ నిట్టాడు ఏది? శవం ఎక్కడుందన్న సస్పెన్స్ అనుకుంటాం. అదే అయితే ఒకసారి చూశాక రెండోసారి చూడబుద్ధి కాకూడదు. నా లెక్కలో, తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టలేని మామూలు మనిషి. కేబుల్ టీవీ నడుపుకునేవాడు. పోలీసులు పెళ్లాం పిల్లల ముందు కుళ్లబొడుస్తుంటే తన్నులు తినడం తప్ప గత్యంతరం లేనివాడు. అందుకే తెలుగులో దర్శకురాలు శ్రీప్రియగారికీ వెంకటేశ్‌కీ నేను మార్కులు వేస్తాను. ఎన్నో ఫైట్లు చేసిన హీరో ఒక కానిస్టేబుల్ చేతిలో దెబ్బలు తిని ఊరుకున్నాడు. ఒక్క గుద్దు గుద్దించి ఉంటే హాల్లో ఈలలు పడేవి, కథ పడిపోయేది.

ఇక తమిళం. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తనే తీసిన సినిమాని 2015లో కమల్ హాసన్‌తో ‘పాపనాశం’గా తనే మళ్లీ తీశారు. చివర్లో చనిపోయిన కుర్రాడి అమ్మానాన్నలతో హీరో మాట్లాడే సీన్ గుర్తుందా? ఒప్పుకున్నట్టూ ఉండాలి, ఒప్పుకోనట్టూ ఉండాలి. మోహన్‌లాల్ ఆ మాటల్ని దాదాపు లోపలికి మింగుతూ చెప్తాడు. చూపు కిందికి దిగుతుంది, మనిషి కదలడు. ఇది పశ్చాత్తాపమా, లేక ఇక్కడ కూడా జాగ్రత్తగా మాట్లాడుతున్నాడా అన్న అనుమానం మనకి చివరిదాకా పోదు. కమల్ అదే చోట కరిగిపోతాడు. కన్నీళ్లు ఆగవు, గొంతు పూడుకుపోతుంది. అక్కడ అనుమానానికి చోటు లేదు. ఈ తండ్రి ఆ తండ్రి ముందు నిలబడి ఏడుస్తున్నాడు.

చాలామంది దీన్ని ‘తక్కువ నటన గొప్పది, ఎక్కువ నటన అతి’ అని తేల్చేస్తారు. నేనూ కొన్నాళ్లు అలాగే అన్నాను. ఇప్పుడు అనను. మోహన్‌లాల్‌ది రహస్యం కాపాడుకునే మనిషి కథ, కమల్‌ది ఆ రహస్యం మొయ్యలేని మనిషి కథ. దర్శకుడు రెండింటినీ ఒప్పుకున్నాడంటే రెండూ ఆ కథలో పట్టాయనే కదా. నా ఓటు ఎటంటే... మలయాళానికే. నిద్ర చెడగొట్టింది అది కాబట్టి.

పోలిక గొడవ చూసేవాళ్లతోనే ఆగదు, డబ్బు పెట్టేవాళ్లదీ అదే టెన్షన్. ‘అర్జున్ రెడ్డి’ని తమిళంలో బాల దర్శకత్వంలో తీశారు. సినిమా పూర్తయ్యాక నిర్మాతలకి నచ్చలేదు. 2019లో దాన్ని పక్కన పడేసి, అదే హీరోతో, వేరే దర్శకుడితో మొదట్నుంచీ మళ్లీ తీయించారు, ‘ఆదిత్య వర్మ’ అని. బాల తీసిన ‘వర్మ’ తర్వాతి ఏడాది ఓటీటీలో వచ్చింది. ఒకే కథకి ఒకే భాషలో, ఒకే హీరోతో రెండు రీమేకులు! రీమేకుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. రెండూ వరసగా చూడండి. బాలది మంచి సినిమా అని నేను అనను. కానీ మాతృకతో తగువు పడ్డ సినిమా అది. రెండోది తగువు పడలేదు, చెప్పినట్టు విన్నది. నాకు తగువు పడ్డదే ఎక్కువ గుర్తుంది.

నా టైము అయిపోయిందని చీటీ వచ్చింది. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. అదిగో, ఆ మూల అమ్మాయి... అడగమ్మా.

(శ్రోత: సార్, ‘చంద్రముఖి’ మేం తెలుగు డబ్బింగ్‌లో చూశాం. మీరు చెప్పిన ప్రకారం నర్తకి తెలుగావిడే అయితే తెలుగులో ఆ భయం పోవాలి కదా? మాకు భయం వేసింది మరి!)

శభాష్. ఈ ప్రశ్న ఎవరూ అడక్కపోతే నేనే అడుగుదామనుకున్నాను. తెలుగు డబ్బింగ్‌లో ఆ పాట ఎలా మొదలవుతుందో ఎవరికైనా గుర్తుందా? కొంచెం గట్టిగా...

(హాల్లో నలుగురైదుగురు: ‘వారాయ్...’)

అదీ! తెలుగు పాటని తెలుగు వెర్షన్‌లో పీకేసి, తమిళంలో రాయించి పెట్టారు. అసలు సినిమా తమిళమైతే అందులో తెలుగు పాట, తెలుగు డబ్బింగ్ అయితే అందులో తమిళ పాట. డబ్బింగ్ అంటే మనకి ఎంత చులకనో. నిట్టాడు ఎక్కడుందో వాళ్లెవరికీ నాలాగా గంటసేపు మైకు పట్టుకుని చెప్పాల్సిన పని పడలేదమ్మా.